నడిమి పేజీల ఇమాం పాషా

ఇమాం పాషా అన్న నన్ను దొంగ అన్నది ఒకే ఒక్కసారి. అదీ మా ఇంట్లో కూర్చొని, నేనిచ్చిన చాయ్ తాగుతూ. ఆ కోపం నాకు ఇంకా పూర్తిగా పోలేదు. అయినా ఆయన గురించి రాస్తున్నాను. మనుషులను నమ్మనివాళ్ళను చాలామందిని చూశాను గానీ, పుస్తకాన్ని కూడా నమ్మకుండా చదివే మనిషిని ఈయన్ని ఒక్కరినే చూశాను.

నా పేరు స్నేహలత. హనుమకొండలో ఒక దవాఖానాలో రక్తపరీక్షలు చేస్తాను. తీరిక దొరికినప్పుడు 'ఏడో కిటికీ' అనే చిన్న వెబ్ పత్రిక నడుపుతాను. అందులో ఫాంటసీ నవలల మీద సమీక్షలు తప్ప ఇంకేమీ ఉండవు. ఈ వయసులో మంత్రాలూ ఎగిరే గుర్రాలూ ఏంటమ్మా అని మా డాక్టరుగారు నవ్వుతారు. నవ్వనివ్వండి. మాకు ఆరు వందల మంది పాఠకులున్నారు. వాళ్ళలో సగం మంది పాషా అన్న తన సమీక్షల్లో తిట్టే తిట్ల కోసమే వస్తారు.

పాషా అన్న ఎనుమాముల మార్కెట్లో ఒక మిర్చి వ్యాపారి తరఫున సరుకు చూస్తారు. ముప్పై ఏళ్ళుగా అదే పని. రైతు సంచి మూతి విప్పి పైన మెరిసే కాయలు చూపిస్తే ఈయన అటు చూడనే చూడరు. చొక్కా చెయ్యి పైకి మడిచి, మోచేతి దాకా సంచిలోకి దూర్చి, నడుమ నుంచి పిడికెడు బయటికి తీస్తారు. అందులో రంగు పోయిన తాలు కాయ ఎంత ఉందో, బరువు కోసం నీళ్ళు చల్లారో లేదో, గుప్పిట్లో నలిపి చెప్పేస్తారు. పుస్తకాలనూ అచ్చం అలాగే చదువుతారు. అట్ట చూడరు, అంకితం చూడరు, ముందుమాట అసలే చూడరు. నడుమకు తెరిచి పది పేజీలు చదువుతారు. బాగుంటే అక్కడి నుంచి చివరిదాకా వెళ్ళి, తర్వాత వెనక్కి మొదటి అధ్యాయానికి వస్తారు.

"మొదటి పేజీలు ఎవ్వలైన మంచిగనే రాస్తరు చెల్లె. అది సంచి మూతి. సూపియ్యనీకె పెట్టేది. సరుకు నడుమ ఉంటది," అనేవారు.

పుస్తకం వెనక అట్ట మీద పెద్దలు రాసే పొగడ్తలను ఆయన జెండా పాట అంటారు. మార్కెట్లో పొద్దున్నే ఒక మంచి కుప్పకు అందరికంటే ఎక్కువ ధర పాడతారు. ఆ ధర జిల్లా అంతా వినిపిస్తుంది, మిగతా రైతులకు మాత్రం దక్కదు. దాని పేరే జెండా పాట. ఈ పోలిక ఆయన ఒక సమీక్షలో రాసినందుకు ఒక రచయిత నాకు ఫోన్ చేసి అరగంట అరిచాడు. ఇంకో నవల గురించి ఆయన రాసింది నాకు కంఠతా వచ్చు. "నలభయ్యో పేజీలో రాజుగారి ఎడమ కన్ను పోయింది. రెండు వందల పదో పేజీలో రాజుగారు రెండు కళ్ళతోనూ ఏడ్చారు. ఈ రెండో కన్ను ఎవరిచ్చారో రచయిత చెప్పాలి."

మనిషి ఇంట్లోనూ అంతే. కూరగాయల బండి దగ్గర త్రాసు అడుగున చెయ్యి పెట్టి చూస్తారు. కొత్త నంబరు నుంచి ఫోన్ వస్తే ఎత్తి, మాట్లాడకుండా, అవతలివాళ్ళ ఊపిరి వింటారు. ఆయన తల్లి బడేబీ మిర్చి గోదాంలో తొడిమలు తీసే కూలీ అని, ఈయనకు ఏడేళ్ళప్పుడు పోయిందని, మేనమామ దగ్గర పెరిగారని ఆయన భార్య ఆసిమా ఒకసారి నాతో అన్నారు. ఆయన నోట ఆ మాట ఎప్పుడూ రాలేదు. చిన్నప్పుడే అందరూ పోయినవాడు ఎవరిని నమ్ముతాడులే అని నాకు నేనే సర్దిచెప్పుకొని, ఆయన అనుమానాలను భరించేదాన్ని.

అలాంటి మనిషికి ఒక రహస్యం ఉంది. పదకొండేళ్ళుగా ఆయనే ఒక ఫాంటసీ నవల రాస్తున్నారు. పేరు 'నిప్పువేళ్ళ రాజ్యం'. తొమ్మిది నోటుపుస్తకాలు, పాలిథీన్ కవర్లలో చుట్టి, ఇనప పెట్టెలో పెట్టి, తాళంచెవి బనీను లోపలి జేబులో వేసుకొని తిరిగేవారు. ఎంతో బతిమాలితే మూడు అధ్యాయాలు నాకు చదివి వినిపించారు, అది కూడా నా ఫోన్ ఆపించి. ఆ రాజ్యంలో ఏడుగురు మంత్రగత్తెలు ఉంటారు. వాళ్ళ వేళ్ళలో నిప్పు ఉంటుంది. ఆ వేళ్ళతో ఊరికి వెలుగిస్తారు, పంట పండిస్తారు, కానీ తమ కళ్ళను తాము ముట్టుకోకూడదు. ఏడుపొచ్చినా సరే, చేతులు దూరంగా చాపి కన్నీళ్ళు గాలికే ఆరనివ్వాలి. నేను అప్పటికి చాలా ఫాంటసీ చదివాను గానీ ఇలాంటి నియమం ఎక్కడా చూడలేదు.

"ఎట్లొచ్చిందన్నా నీకీ ఊహ?" అని అడిగాను.

"ఎట్లొస్తది? నా బుర్రలకెళ్ళి వచ్చింది," అన్నారు. ఆ పూట ఆయన మొహంలో ఉన్నంత గర్వం నేను మళ్ళీ చూడలేదు.

ఒక్కటే లోటు. నవలకు ముగింపు లేదు. రాసి కొట్టేసిన ముగింపులే రెండు పుస్తకాలుంటాయట.

పోయిన మాఘంలో కిషన్ రావు గారని హనుమకొండలో పుస్తకాలు వేసే ఆయన, అచ్చుకు వెళ్ళబోయే ఒక నవల నకలు నాకు సమీక్ష కోసం పంపారు. రాసింది యమున అనే కొత్త అమ్మాయి. పేరు 'కళ్ళు ముట్టని ఊరు'. నాకు దవాఖానాలో పని ఎక్కువగా ఉండి, కవరు కూడా విప్పకుండా పాషా అన్నకు ఇచ్చేశాను. నా మొదటి తప్పు అదే.

ఆ శుక్రవారం నమాజ్ కాగానే ఆయన నేరుగా మా ఇంటికి వచ్చారు. మొహం పాలిపోయి ఉంది. పుస్తకం గుడ్డసంచిలో ఉంది, సంచి ఒళ్ళో ఉంది, సంచి మీద రెండు చేతులున్నాయి.

"చెల్లె, నేను నీకు మూడు అధ్యాయాలు సదివి ఇనిపిచ్చిన. యాదికున్నదా?"

"ఉన్నదన్నా."

"ఎవ్వలకన్న చెప్పినవా?"

"ఎవ్వలకు చెప్తనన్నా?"

"ఫోన్ బంద్ చేసినట్టు చేసి రికార్డు పెట్టినవా? నిజం చెప్పు. దొంగ ఎప్పుడు తెల్సినోళ్ళల్లనే ఉంటడు. నువ్వో, ఇంకెవ్వలో."

నాకు ఒళ్ళు మండిపోయింది. "చాయ్ తాగి లెవ్వు అన్నా. దొంగింట్ల ఎక్కువసేపు కూసోవద్దు," అన్నాను. ఆయన లేవలేదు. చాయ్ కూడా వదల్లేదు. కాసేపటికి గొంతు తగ్గించి సంగతి చెప్పారు. ఏడుగురు మంత్రగత్తెలు, నిప్పు వేళ్ళు, కళ్ళు ముట్టుకోకూడదన్న నియమం, అన్నీ ఆ పుస్తకంలో ఉన్నాయట. పేర్లు వేరు, సరుకు ఒక్కటే. పైగా ఈ యమున హనుమకొండ బస్టాండు దగ్గర డీటీపీ సెంటర్లో టైపు చేసే అమ్మాయేనట. రెండేళ్ళ కింద ఈయన తన మొదటి రెండు అధ్యాయాలు అక్కడే టైపు చేయించుకున్నారు.

"పక్కనే నిలబడ్డ చెల్లె. ఫైల్ తుడిపిచ్చిన. కంప్యూటర్ల చెత్తబుట్ట గూడ ఖాళీ చేపిచ్చిన. అయినా ఎట్ల కొట్టేసిందో!"

అది వినగానే నాకు కూడా అనుమానం గట్టిపడింది. ఆయన సమీక్ష మర్నాడే పంపారు. శీర్షిక 'దొంగ సరుకు'. ఏయే సంగతులు తన రాతలోవో వరుసగా రాసి, చివర ఇలా ముగించారు: "ఇందులో నాది కానిది ముగింపు ఒక్కటే. ఒక చిన్న పిల్లాడు వచ్చి మంత్రగత్తె కళ్ళు తుడిస్తే ఊరి శాపం పోయిందట. ఇది శుద్ధ తాలు. ఎక్కడో ఏరుకొచ్చి సంచి అడుగున పోశారు."

పుస్తకం నాకు చూపించమన్నాను. సాక్ష్యం, చేతులు మారకూడదు అన్నారు. సమీక్ష ఆపితే ఆ దొంగతనంలో నాకూ వాటా ఉందని అనుకుంటారేమోనని, చదవని పుస్తకం మీద వేసిన నిందను అచ్చేశాను. అది నా రెండో తప్పు, మొదటిదానికంటే పెద్దది. రెండు రోజుల్లో అందరూ దాన్ని పంచుకున్నారు. కిషన్ రావు గారు అచ్చు ఆపేశారు. డీటీపీ సెంటర్ యజమాని ఆ అమ్మాయిని గొడవ తేలేదాకా పనిలోకి రావద్దన్నాడని కూడా విన్నాను.

వారం తర్వాత పాషా అన్న ఫోన్ చేసి, ఇంకో పోలిక దొరికిందని ఉత్సాహంగా చెప్పసాగారు. నాలుగో మంత్రగత్తె చేతులు నీళ్ళల్లో పెట్టదు, అది తన తొమ్మిదో నోటుపుస్తకంలో ఉంది, ఆమె పుస్తకంలోనూ ఉంది అన్నారు.

"తొమ్మిదోది టైపు చేపిచ్చినవా అన్నా?"

"లేదు. పెట్టెలకెళ్ళి బయటికే తియ్యలే."

"మరి ఆ పిల్లకెట్ల తెల్సు?"

ఆయన ఫోన్ పెట్టేశారు. ఆ ప్రశ్న అడగకుండా ఊరుకుంటే బాగుండేదని మర్నాడు తెలిసింది. డిగ్రీ రెండో ఏడు చదువుతున్న ఆయన కూతురు మహెక్ నాకు ఫోన్ చేసింది.

"ఆంటీ, మా అబ్బా నా కాలేజీ బ్యాగు ఎతుకుతాండు. ఫోన్ల ఎవ్వలకు ఏం పంపినవో సూపియ్యి అంటాండు. నేనింక ఆయనతోని మాట్లాడ."

ఆసిమా గారు ఫోన్ తీసుకున్నారు. "ఇరవై ఆరేండ్ల కాపురం అమ్మా. ఆ పెట్టెల ఏమున్నదో నాకు తెల్వది, తెల్సుకోవాలని గూడ లేదు. ఇయ్యాల నన్ను గూడ అడిగిండు," అన్నారు. ఆ గొంతు విని నాకు బాధేసింది, భయం కూడా వేసింది. అనుమానం అంటురోగం. ఆ రోజు నుంచి నేను పాషా అన్ననే అనుమానించడం మొదలుపెట్టాను. ఆ అమ్మాయి పక్కన నిలబడి టైపు చేయించినప్పుడు, ఆమె మాటల్లో విన్నదే ఈయన ఇంటికెళ్ళి రాసుకోలేదని ఏం నమ్మకం? పదకొండేళ్ళన్నది ఆయన చెప్పిన లెక్కే కదా.

సోమవారం దవాఖానాలో రక్తం ఇవ్వడానికి వచ్చినవాళ్ళ వరుసలోంచి ఒక సన్నటి అమ్మాయి ముందుకొచ్చింది.

"స్నేహలత మేడం మీరేనా? నేను యమున. మీ పత్రికల దొంగనన్నరు కదా, ఆమెను."

నకలు ఒకటి నా బల్ల మీద పెట్టింది.

"ఒక్కటే అడుగుత. మొదటి పేజీ సదివిండ్రా?"

నేను చదవలేదు. తెరిచాను. మొదటి పేజీలో నాలుగు వరుసలున్నాయి. "మా నాయనమ్మ చిలుకమ్మకు, ఆమెతోపాటు వరంగల్ మిర్చి గోదాంలో తొడిమలు తీస్తూ ఈ కథను ఒకరి తర్వాత ఒకరు చెప్పుకున్న ఆడవాళ్ళందరికీ. కథ వాళ్ళది. రాత మాత్రమే నాది."

వరుసలో జనం తొందరపెడుతున్నారు. నేను సూది పట్టుకొని అలాగే నిలబడిపోయాను. మిర్చి గోదాం అన్న మాట దగ్గర నా కళ్ళు ఆగిపోయాయి.

సాయంత్రం పాషా అన్నకు ఫోన్ చేసి ఆ పేజీ చదివాను.

"ఎన్నడేసిందో ఆ పేజీ! నా సమీక్ష అచ్చైనంక అంటిచ్చి ఉంటది," అన్నారు వెంటనే.

"నీ దగ్గరున్న నకలు తియ్యి అన్నా. మొదటి పేజీ తెరువు."

సంచి చప్పుడు, కాగితం చప్పుడు వినిపించాయి.

"ఉన్నదా?"

"ఉన్నది," అన్నారు. "ముసలామె ఎక్కడుంటదట?" అని అడిగారు.

చిలుకమ్మ తొర్రూరులో కొడుకు దగ్గర ఉంటోంది. నేను అడిగితే యమున తీసుకెళ్ళడానికి ఒప్పుకుంది. ఆదివారం ముగ్గురం బస్సెక్కాం. యమున మాతో కూర్చోలేదు, డ్రైవరు వెనక సీటులో ఒక్కతే కూర్చుంది. పాషా అన్న దారంతా నా చెవిలో గుసగుసలాడుతూనే ఉన్నారు. ముసలామెకు అన్నీ నేర్పించి పెట్టి ఉంటారట. అందుకే కథ మొదటి నుంచి చెప్పమని అడగరట. నడుమ నుంచి మూడు ప్రశ్నలు వేస్తారట. ఒక్కదానికి తడబడినా లేచి వచ్చేస్తారట.

చిలుకమ్మకు ఎనభై దాటి ఉంటాయి. వాకిట్లో నులక మంచం మీద కూర్చొని ఉంది. చూపు సరిగ్గా లేదు, చెవులు మాత్రం చురుకు. యమున ఆమె పక్కన కూర్చొని, "నాయనమ్మా, మంత్రగత్తెల కథ అడగనీకె వచ్చిండ్రు. మిర్చి మార్కెట్ల పని చేస్తడట ఈన," అంది. ఆయన పేరు చెప్పలేదు. చెప్పడానికి ఆ అమ్మాయికి ఇష్టం లేదని నాకు తెలుసు.

పాషా అన్న స్టూలు ముందుకు జరుపుకున్నారు. "అవ్వా, నాలుగో మంత్రగత్తె నీళ్ళల్ల చేతులెందుకు పెట్టది?"

"పెడితె మంట తగ్గుతదా బిడ్డా? మిరపకాయ మంట నీళ్ళకు సల్లారదు. ఇంక ఎక్కువైతది."

"కండ్లెందుకు ముట్టుకోవద్దు?"

ముసలామె పళ్ళు లేని నోటితో నవ్వింది. "మిర్చి పని చేస్తానంటివి. నీకు తెల్వదా? పొద్దుందాక తొడిమలు తీసిన చేతులు కండ్లల్ల పెట్టుకుంటరా ఎవ్వలన్న?"

ముప్పై ఏళ్ళు మోచేతి దాకా మిర్చిలో చెయ్యి పెట్టిన మనిషి తన అరచేతుల కేసి చూసుకున్నారు. ఆ నిప్పు మిర్చి మంటేనన్న సంగతి ఆయనకు ఒక్కసారి కూడా తట్టలేదు. విని మెచ్చుకున్న నాకూ తట్టలేదు.

చిలుకమ్మ తనంతట తానే చెప్పుకుపోయింది. కుప్ప చుట్టూ పదిమంది ఆడవాళ్ళు కూర్చునేవారట. మంట మరిచిపోవడానికి కథ. ఒకామె గంప నిండేదాకా తను చెప్పేది, నిండగానే పక్కామె అందుకునేది. ఎవరికి తోచింది వాళ్ళు కలిపేవారు. రాజ్యం ఒకామెది, ఏడుగురు మంత్రగత్తెలు ఇంకొకామె ఊహ, నాలుగామె నీళ్ళ సంగతి తెచ్చింది తానేనని గొప్పగా చెప్పుకుంది.

పాషా అన్నకు మూడో ప్రశ్న మిగిలి ఉంది. గొంతులో అనుమానం ఇంకా చావలేదు. "మరి ఆఖరుకు పిల్లగాడు కండ్లు తుడుసుడు? అది ఈ పోరి కలిపిందే కదా?"

"ఏ, కాదు. అది బడేబీది."

ఆసిమా గారు ఒకసారి నాతో చెప్పిన పేరు అది. నేను యమున వైపు చూశాను. ఆ అమ్మాయికి ఆ పేరుతో ఏ సంబంధమూ లేదని మొహమే చెప్తోంది.

"ఏ బడేబీ?" అన్నారు ఆయన, చాలా మెల్లగా.

"ఉండె ఒక సాయిబులామె. మంచిది. దానికో కొడుకుండె. సంచుల మీద పండుకొని కథ ఇనేటోడు. తల్లి కండ్లు మండి నీళ్ళు కారుతాంటె ఉరికొచ్చి అంగి కొసతోని తుడిసేటోడు. పొద్దుగూకేసరికి ఆడు నిద్రపోయేటోడు. ఆడు పండుకున్నంక ఆఖరు ముక్క అది చెప్పేది. శాపం ఎట్ల పోతదే అని మేమడిగితె, నా కొడుకొచ్చి తుడుస్తడు, గప్పుడు పోతది అనేది. ఆడు మాత్రం ఎన్నడు ఇనలే. సంకనేసుకొని ఇంటికి పోయేది."

వాకిట్లో కోళ్ళు తిరుగుతున్నాయి.

"అవ్వా, ఆ పిల్లగాన్ని నేనే," అన్నారు పాషా అన్న.

చిలుకమ్మ వెంటనే నమ్మలేదు. మెడ ముందుకు చాచి, "నిజమేనా? ఉత్తగంటానవా? మీ అమ్మ మొఖం మీద మచ్చ ఏ దిక్కుండె చెప్పు," అంది.

ఆయన ఆలోచించారు. "నాకు యాదికి లేదవ్వా. మచ్చ కాదు, మొఖమే యాదికి లేదు," అన్నారు. ఆ మాట అంటుంటే ఆయన గొంతు ఏడేళ్ళ పిల్లాడి గొంతులాగే ఉంది. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

ముసలామె చెయ్యి చాచి తడుముకుంటూ ఆయన చెయ్యి పట్టుకుంది. "అయితె నువ్వే. అబద్ధమాడేటోడైతె కుడి దిక్కనో ఎడమ దిక్కనో చెప్పేటోడు," అంది.

తిరిగి బయల్దేరుతుంటే యమున గుమ్మం దగ్గర అడ్డంగా నిలబడింది. కరగలేదు ఆ అమ్మాయి. కరగాల్సిన అవసరం కూడా లేదు. "సార్, నన్ను తిట్టింది ఎంత పెద్దగ రాసిండ్రో, ఇది గూడ అంతే పెద్దగ రాయుండ్రి. మేడం, మీరు గూడ," అంది.

ఇంటికెళ్ళి ఆయన ముందు మహెక్‌తో, ఆసిమా గారితో ఏం మాట్లాడారో నాకు తెలియదు. బుధవారానికి మహెక్ ఫోన్ నుంచే సమీక్ష వచ్చింది. ఈసారి మొదటి పేజీ నుంచి చదివి రాశారు. దొంగతనం జరగలేదని, ఆ నింద తన తప్పని, ఆ తప్పుకు యమున పుస్తకం ఆగకూడదని మొదటి వరుసల్లోనే రాశారు. నవల్లో నిజంగా సాగదీసిన రెండు అధ్యాయాలను మాత్రం వదలకుండా తిట్టారు. చివరి పేరా ఇది: "నా నవలకు పదకొండేళ్ళుగా ముగింపు దొరకలేదు. ఇక రాయను, ఎందుకంటే ముగింపు ఉంది. నేను నిద్రపోయాక మా అమ్మ చెప్పింది. దాన్ని నేను తాలు అన్నాను."

దాని పక్కనే నేను చదవకుండా అచ్చేసినందుకు నా క్షమాపణ వేశాను. కిషన్ రావు గారు ఆ సాయంత్రమే పుస్తకం అచ్చుకు పంపారు. అంతకుముందు, సమీక్ష పెట్టబోతుంటే పాషా అన్న ఫోన్ చేశారు.

"చెల్లె, జర ఆగు. కింద ఇమాం పాషా అని ఒక్కటే ఎయ్యకు. బడేబీ కొడుకు ఇమాం పాషా అని ఎయ్యి."

అలాగే వేశాను.